ట్యాబ్ అప్‌డేట్: మా నెట్ సెంటర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మాది చిన్న నెట్ సెంటర్. జిరాక్సులు, హాల్ టికెట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు మా పని. ట్యాబ్‌లు బాగుచేయడం మా పని కాదు. కానీ 2020లో లాక్‌డౌన్ పడ్డాక పిల్లల కోసం ఇంటింటా ట్యాబ్‌లు కొన్నారు. టీ-శాట్ పాఠాలు, జూమ్ క్లాసులు వాటిలోనే నడిచాయి. బడులు తెరిచాక అవి బీరువా మీదికి ఎక్కాయి. ఆ పిల్లలే ఇప్పుడు ఇంటర్‌కు వచ్చారు, ట్యాబ్‌లు మళ్లీ కిందికి దిగుతున్నాయి. ఆన్ చేయగానే ముందు కనబడేది 'సిస్టమ్ అప్‌డేట్ అందుబాటులో ఉంది' అన్న మాట. అది చూపించి "అన్నా, ఇది నొక్కాల్నా, వద్దా?" అని అడుగుతారు. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదు కాబట్టి రోజూ చెప్పే మాటలే ఇక్కడ రాసి పెట్టాను.

ప్లే స్టోర్‌లో అన్నీ అప్‌డేట్ చేశాను. మళ్లీ ఇదేంటి?

ప్లే స్టోర్‌లో మీరు చేసింది యాప్‌ల అప్‌డేట్. వాట్సాప్, యూట్యూబ్ లాంటివి అక్కడ కొత్తవవుతాయి. సిస్టమ్ అప్‌డేట్ వేరు. ఆ యాప్‌లన్నిటినీ నడిపించే ఆండ్రాయిడ్‌నో, ఐప్యాడ్‌ఓఎస్‌నో మార్చేది అది.

అందులో మళ్లీ రెండు రకాలు. ఆండ్రాయిడ్ 12 పోయి 13 వచ్చిందంటే వెర్షన్ మారినట్టు. ఇది పెద్దది, ఒక్కోసారి రెండు మూడు జీబీలు ఉంటుంది, తెర మీద రూపం కూడా మారుతుంది. రెండోది సెక్యూరిటీ ప్యాచ్. నంబర్ అదే ఉంటుంది, బయటికి ఏ తేడా కనబడదు, లోపలి లొసుగులు మాత్రం పూడుతాయి. గూగుల్ 2015 నుంచి ఈ ప్యాచ్‌లను నెలనెలా విడుదల చేస్తోంది. అవి మన చేతికి రావాలంటే ట్యాబ్ తయారుచేసిన కంపెనీ వాటిని తన మోడల్‌కు సరిపోయేలా మార్చి పంపాలి. ఆలస్యమంతా అక్కడే. అందుకే ఆండ్రాయిడ్ 10 నుంచి గూగుల్ ఒక అడ్డదారి వేసింది. సిస్టమ్‌లోని కొన్ని భాగాలను కంపెనీతో పని లేకుండా తానే నేరుగా మారుస్తుంది. సెట్టింగ్స్‌లో 'గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్' అని విడిగా కనబడేది అదే.

నా ట్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో ఎక్కడ చూడాలి?

సెట్టింగ్స్‌లో అట్టడుగున 'ట్యాబ్లెట్ గురించి' అని ఉంటుంది. అందులో ఆండ్రాయిడ్ వెర్షన్, దాని దగ్గర్లోనే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటాయి. అందరూ వెర్షన్ నంబర్ చూసి ఊరుకుంటారు. నన్నడిగితే తేదీయే ముఖ్యం. ఆండ్రాయిడ్ 13 ఉండి ప్యాచ్ తేదీ రెండేళ్ల కిందటిదైతే ఆ ట్యాబ్‌ను కంపెనీ పట్టించుకోవడం మానేసినట్టే. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ అని వెళ్తే చాలు.

మంచిగనే నడుస్తుంది కదా, ఎందుకు ముట్టుకోవాలి?

ఈ ప్రశ్న ఎక్కువగా పెద్దవాళ్లు అడుగుతారు. వాళ్ల అనుమానం తప్పు కాదు. నడిచే బండిని విప్పి చూడొద్దని వాళ్ల అనుభవం. దీనికి నేను చెప్పేది మన అక్షరం కథే.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు, ఐప్యాడ్‌లు ఒక తెలుగు అక్షరానికి కుప్పకూలాయి. ఆ అక్షరం 'జ్ఞా'. మనం 'జ్ఞానం' అని మామూలుగా రాసుకునేదే, కాకపోతే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఇరుక్కున్న రూపం. అది మెసేజ్‌లో వస్తే ఆ యాప్ టక్కున మూసుకుపోయేది, మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే మొరాయించేది. ప్రపంచమంతా తెలుగు తెలియనివాళ్లు కూడా ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఆటలాడారు. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అప్పట్లో ఐప్యాడ్‌కూ ఐఓఎస్సే, ఐప్యాడ్‌ఓఎస్ అని విడిగా పేరు పెట్టింది 2019లో. ఆ అప్‌డేట్ వేసుకున్నవాళ్లకు గొడవ పోయింది, వేసుకోనివాళ్లకు ఎవరో ఒక ఆకతాయి పంపేదాకా తెలియలేదు. వాళ్ల పరికరాలు కూడా ముందు రోజుదాకా 'మంచిగనే' నడిచాయి.

అది నవ్వుకునే కథ. నవ్వుకోలేనిది 2015లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది, 'స్టేజ్‌ఫ్రైట్' అన్నారు దాన్ని. ఎవరైనా తయారుచేసి పంపిన ఒక వీడియో మెసేజ్ చేరితే చాలు, మనం తెరవకపోయినా పరికరం అవతలివాడి చేతికి చిక్కే ప్రమాదం ఉండేది. గూగుల్ నెలనెలా ప్యాచ్‌లు మొదలుపెట్టింది ఆ గొడవ తర్వాతే.

కాబట్టి సెక్యూరిటీ ప్యాచ్ వస్తే వాయిదా వేయకండి. వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్‌కు మాత్రం తొందరేం లేదు. విడుదలైన మొదటి వారం ఆగితే, ఏవైనా తప్పులుంటే ముందు వేసుకున్నవాళ్ల దగ్గర బయటపడతాయి. నేనైతే రెండు మూడు వారాలు ఆగుతాను.

ఎప్పుడు చేయకూడదు?

పరీక్ష ముందు రోజు, ఇంటర్వ్యూ ముందు రోజు, ఊరికి బయలుదేరే ముందు చేయకూడదు.

మా తమ్ముడి కొడుకు ఎంసెట్‌కు, అదే ఇప్పటి ఎప్‌సెట్‌కు, చదువుతున్నప్పుడు నోట్సన్నీ ట్యాబ్‌లోనే ఉండేవి. పరీక్షకు ముందు రాత్రి పదింటికి తెర మీద ఏదో వస్తే చూసుకోకుండా నొక్కాడు. ట్యాబ్ రీస్టార్ట్ అయి, 'యాప్‌లను సిద్ధం చేస్తోంది' అని అరగంట కూర్చుంది. అది తప్పేం కాదు, దాని పని అది చేసుకుంటోంది. కానీ ఆ అరగంట ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూడలేదు. పదకొండింటికి అన్నీ మామూలుగానే తెరుచుకున్నాయి. పిల్లవాడు ఆ టెన్షన్‌కు ఒంటి గంటదాకా పడుకోలేదు, అసలు నష్టం అదీ.

ఎంతసేపు పడుతుంది?

డౌన్‌లోడ్ సంగతి మీ నెట్‌ను బట్టి. వేసుకోవడానికి ప్యాచ్ అయితే పది పదిహేను నిమిషాలు, పెద్దదైతే అరగంట నుంచి గంట అనుకోండి. ట్యాబ్ పాతదైన కొద్దీ ఎక్కువ పడుతుంది.

రోజుకు 1.5 జీబీ ప్లాన్ మాది. రెండున్నర జీబీ అప్‌డేట్ ఎట్లా దిగుతుంది?

దిగుతుంది, కొంచెం ఉపాయం కావాలి. ముందు ఒక లెక్క చూడండి. రోజు కోటా అయిపోతే స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ స్పీడులో ఒక్క జీబీ దిగడానికి దాదాపు 35 గంటలు. అంటే 'నడుస్తుందిలే, రాత్రంతా వదిలేద్దాం' అనుకుంటే పొద్దున లేచేసరికి పావు జీబీ కూడా దిగదు.

రోజు కోటా అర్ధరాత్రి 12కు మారుతుంది. కాబట్టి ఆ రోజు నెట్ వాడకుండా మిగుల్చుకుని, రాత్రి పదకొండింటికి డౌన్‌లోడ్ మొదలుపెట్టండి. ఆ రోజు 1.5, పన్నెండు దాటగానే కొత్త 1.5, కలిపి మూడు జీబీలు చేతిలో ఉంటాయి. మధ్యలో ఆగినా పరవాలేదు, చాలా ట్యాబ్‌లలో ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. ఇంట్లో ఎవరి ఫోన్‌కైనా అపరిమిత 5జీ ఉంటే ఇంకా సులువు, ఆ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోండి.

హాట్‌స్పాట్‌తో ఒక చిక్కు వస్తుంది. ట్యాబ్ కొన్నిసార్లు దాన్ని పసిగట్టి, 'ఇది లెక్కపెట్టి వాడే నెట్' అనుకుని పెద్ద డౌన్‌లోడ్‌ను ఆపేస్తుంది. 'వైఫై కోసం వేచి ఉంది' అని చూపిస్తూ కూర్చుంటుంది, మనమేమో వైఫై ఉంది కదా అని తల పట్టుకుంటాం. వైఫై సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్ పేరు పక్కన నొక్కితే 'మీటర్డ్' అన్న చోట మార్చే వీలుంటుంది, 'అన్‌మీటర్డ్' అని పెట్టండి. ఐప్యాడ్‌లో అయితే అదే చోట 'లో డేటా మోడ్' ఆపాలి.

ఏటూరునాగారం, తాడ్వాయి వైపు నుంచి వచ్చేవాళ్లు సిగ్నలే నిలవదంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే, వరంగల్‌కు ఏ పని మీద వచ్చినా ట్యాబ్ ఫుల్ ఛార్జింగ్‌తో వెంట తెచ్చుకోండి. ఇక్కడ ఎవరైనా చుట్టాలింట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే టీ తాగి మాట్లాడుకునే లోపల దిగిపోతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో మాత్రం ఆ దిక్కున ప్రయత్నించి ప్రయోజనం లేదు. లక్షల ఫోన్ల మధ్య మీ అప్‌డేట్‌కు దారి దొరకదు.

'స్పేస్ సరిపోదు' అంటుంది. ఎస్డీ కార్డు వేస్తే చాలుతుందా?

చాలదు. అప్‌డేట్‌కు కావాల్సింది లోపలి స్టోరేజీలో ఖాళీ. కార్డు ఎంత పెద్దది వేసినా అది వేరే గది. కానీ లోపలున్న వీడియోలను కార్డులోకి జరిపితే లోపల ఖాళీ అవుతుంది కదా, కార్డు వల్ల లాభం అంతవరకే.

32 జీబీ ట్యాబ్‌లో సగానికి దగ్గరగా సిస్టమే ఆక్రమిస్తుంది. మిగిలిన దానిలో ఏది ఎక్కువ తింటోందో సెట్టింగ్స్‌లో స్టోరేజీ తెరిస్తే కనబడుతుంది. నేను చూసిన ట్యాబ్‌లలో పదింట్లో ఎనిమిదింటికి దోషి వాట్సాప్ గ్రూపులే. పెళ్లి వీడియోలు, బతుకమ్మ వీడియోలు, 'శుభోదయం' బొమ్మలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లోనే 'స్టోరేజీ నిర్వహణ' ఉంటుంది, అక్కడ పెద్ద ఫైళ్లు వరుసగా కనబడతాయి. తర్వాతి దోషి యూట్యూబ్‌లో ఆఫ్‌లైన్ పెట్టుకున్న పాఠాలు. అవి ఎప్పుడైనా మళ్లీ దింపుకోవచ్చు, తీసేయండి. అప్‌డేట్ సైజుకు రెండింతలు ఖాళీ ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు. దిగడానికి ఒకంత, విప్పుకోవడానికి ఒకంత.

'క్లీనర్' యాప్‌లు వేసుకోకండి. అవి శుభ్రం చేసేదానికంటే చూపించే ప్రకటనలు ఎక్కువ.

ఫొటోలు, నోట్సు పోతాయా?

మామూలు అప్‌డేట్‌లో ఏదీ పోదు. పోయేది ఫ్యాక్టరీ రీసెట్‌లో, అంటే జనం 'ఫార్మాట్ కొట్టడం' అనేదానిలో. కానీ అప్‌డేట్ మధ్యలో వికటిస్తే చివరికి ఫార్మాట్ దాకా వెళ్లే అవకాశం కొంచెమైనా ఉంటుంది. ఆ కొంచెం కోసమే బ్యాకప్.

గూగుల్ ఖాతాకు ఉచితంగా 15 జీబీ ఇస్తారు, అందులోనే మెయిల్, ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ సర్దుకోవాలి. ఆపిల్ ఐక్లౌడ్‌లో ఉచితం 5 జీబీలే. అవి నిండిపోతే డబ్బు కట్టక్కర్లేదు. ఓటీజీ పెన్‌డ్రైవ్ ఒకటి కొనుక్కుని ట్యాబ్‌కు గుచ్చి ఫొటోలు, పీడీఎఫ్‌లు కాపీ చేసుకోండి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే కేబుల్ చాలు. జనం మరిచిపోయేది ఇంకొకటి ఉంది, పాస్‌వర్డ్. ట్యాబ్‌లో ఏ జీమెయిల్ ఉందో, దాని పాస్‌వర్డ్ ఏంటో కాగితం మీద రాసుకున్నాకే ముందుకు వెళ్లండి. బ్యాకప్ ఉండి పాస్‌వర్డ్ లేకపోతే, తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టే.

సరే, ఇప్పుడు చేయాలి. ఎక్కడ నొక్కాలి?

సామ్‌సంగ్‌లో సెట్టింగ్స్ కిందికి జరిపితే 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్' ఉంటుంది, అందులో 'డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ చేయి'. లెనోవోలో సెట్టింగ్స్, సిస్టమ్, సిస్టమ్ అప్‌డేట్. షావోమీలో 'ట్యాబ్లెట్ గురించి' తెరిచి పైనున్న వెర్షన్ బొమ్మ మీద నొక్కాలి. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. ఎక్కడా దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో 'అప్‌డేట్' అని కొట్టండి, అదే చూపిస్తుంది.

ఛార్జింగ్ సగానికి పైగా ఉండాలి, వీలైతే ఛార్జర్ పెట్టే ఉంచండి. వెనక మూత ఉబ్బినట్టు, తెర అంచు లేచినట్టు కనబడితే మాత్రం అప్‌డేట్ సంగతి తర్వాత, ఛార్జింగ్ కూడా పెట్టకుండా ముందు బ్యాటరీ మార్పించండి.

వాన పడుతుంది. మధ్యలో కరెంటు పోతే?

ట్యాబ్‌కు సొంత బ్యాటరీ ఉంది, కరెంటు పోయినంత మాత్రాన దానికేం కాదు. పోయేది మీ వైఫై రౌటర్. డౌన్‌లోడ్ ఆగుతుంది, కరెంటు వచ్చాక మళ్లీ నడుస్తుంది. అసలు భయపడాల్సింది 10 శాతం ఛార్జింగ్‌తో ఇన్‌స్టాల్ మొదలుపెట్టినప్పుడు. అందుకే చాలా ట్యాబ్‌లు బ్యాటరీ తక్కువుంటే మొదలే పెట్టనివ్వవు.

కొన్ని ట్యాబ్‌లలో ఇంకో ఏర్పాటు కూడా ఉంటుంది. ఆండ్రాయిడ్ 7తో 2016లో మొదలైంది. సిస్టమ్‌కు రెండు అరలు పెట్టి, మీరు ఒక అర మీద పని చేసుకుంటుండగానే కొత్తదాన్ని రెండో అరలో సర్దుతారు. చివర రీస్టార్ట్ చేసినప్పుడు రెండో అరలోంచి మొదలవుతుంది. అది లేవకపోతే పాత అరకు తిరిగి వెళ్తుంది. మీ ట్యాబ్‌లో ఇది ఉందో లేదో కనిపెట్టడం తేలికే. ఇన్‌స్టాల్ అవుతుండగా మీరు యూట్యూబ్ చూసుకోగలిగితే ఉన్నట్టు. ముందే రీస్టార్ట్ అయి నల్ల తెర మీద శాతం లెక్క నడిస్తే లేనట్టు. లేని ట్యాబ్‌ల దగ్గర ఓపిక ఎక్కువ కావాలి, ఆ శాతం లెక్క నడిచేటప్పుడు పవర్ బటన్ ముట్టుకోవద్దు.

లోగో దగ్గరే ఆగిపోయింది! ట్యాబ్ సచ్చిపోయిందా?

చావలేదు, గాబరా పడకండి. ముందు గడియారం చూసుకోండి. మనకు రెండు గంటలు అయినట్టు అనిపించేది చాలాసార్లు ఇరవై నిమిషాలే ఉంటుంది. గంట పూర్తిగా ఆగండి, ఛార్జర్ పెట్టి.

గంట దాటినా కదలకపోతే బలవంతంగా రీస్టార్ట్ చేయాలి. సామ్‌సంగ్‌లో పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి పది సెకన్లకు పైగా నొక్కి పట్టాలి. హోమ్ బటన్ ఉన్న ఐప్యాడ్‌లో హోమ్, పై బటన్ కలిపి పట్టాలి. హోమ్ బటన్ లేనిదైతే పై బటన్‌కు దగ్గరున్న వాల్యూమ్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, రెండోది నొక్కి వదిలి, పై బటన్ మీద వేలు తీయకుండా ఆపిల్ గుర్తు వచ్చేదాకా ఉండాలి. సగం సార్లు దీనితోనే లేస్తుంది.

అయినా లేవకపోతే మిగిలింది రికవరీ మోడ్, అంటే సిస్టమ్ లేవనప్పుడు బాగుచేసుకోవడానికి పెట్టిన దారి. ఐప్యాడ్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి రికవరీ మోడ్‌లో పెడితే 'అప్‌డేట్', 'రిస్టోర్' అని రెండు అడుగుతుంది. ముందు 'అప్‌డేట్' నొక్కండి. అది మీ డేటాను ముట్టుకోకుండా సిస్టమ్‌ను మళ్లీ వేస్తుంది. 'రిస్టోర్' అన్నీ తుడిచేస్తుంది. ఆండ్రాయిడ్ రికవరీలో 'వైప్ క్యాషే' అన్నది ఉంటే దానితో ఫొటోలు పోవు, 'వైప్ డేటా' నొక్కితే పోతాయి. రెండూ పక్కపక్కనే ఉంటాయి, టచ్ పనిచేయదు, వాల్యూమ్ బటన్లతో జరపాలి. చేయి వణుకుతుంటే ఈ పని సర్వీస్ సెంటర్‌కు వదిలేయండి. వారంటీ ఉంటే అసలు మీరు ముట్టుకోకండి.

అప్‌డేట్ అయ్యాక వేడెక్కుతుంది, ఛార్జింగ్ తొందరగా అయిపోతుంది.

ఒకటి రెండు రోజులు అంతే. కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు యాప్‌లన్నిటినీ వెనకాల మళ్లీ సర్దుతుంది, ఫొటోల పట్టీ మళ్లీ తయారుచేస్తుంది. రాత్రి ఛార్జింగ్ పెట్టి వదిలేస్తే ఆ పని తొందరగా ముగుస్తుంది. మూడు రోజులు దాటినా అలాగే ఉంటే బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎక్కువ తింటోందో చూసి, దాన్ని తీసి మళ్లీ వేయండి.

తెలుగు కీబోర్డు పోయింది!

పోలేదు. పెద్ద అప్‌డేట్ తర్వాత కొన్నిసార్లు కంపెనీ సొంత కీబోర్డు ముందుకొస్తుంది. సెట్టింగ్స్‌లో 'భాషలు, ఇన్‌పుట్' అన్న చోట మీ పాత కీబోర్డును మళ్లీ ఎంచుకుంటే చాలు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక మంచి వసతి వచ్చింది, ఒక్కో యాప్‌కు ఒక్కో భాష పెట్టుకోవచ్చు. ట్యాబంతా ఇంగ్లిష్‌లో ఉంచి, తెలుగు ఉన్న యాప్‌లను తెలుగులో చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ 14లో అక్షరాలను 200 శాతం దాకా పెద్దవి చేసుకోవచ్చు, మా అమ్మ ట్యాబ్ విషయంలో నాకు బాగా పనికొచ్చింది ఇదే.

మా ట్యాబ్‌కు అప్‌డేటే రావడం లేదు. ఎప్పుడు నొక్కినా 'తాజాగా ఉంది' అంటుంది.

లాక్‌డౌన్‌లో కొన్న ట్యాబ్‌లలో ఎక్కువ వాటి కథ ఇదే. 'తాజాగా ఉంది' అంటే కంపెనీ మీ మోడల్‌కు ఇచ్చిన వాటిలో ఇదే చివరిది అని అర్థం, ప్రపంచంలో ఇదే కొత్తదని కాదు. పది వేల లోపు ట్యాబ్‌లకు చాలా కంపెనీలు ఒకటో రెండో వెర్షన్లు ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. ఖరీదైన వాటి సంగతి వేరు. సామ్‌సంగ్ 2024లో తెచ్చిన ట్యాబ్ ఎస్10 వరుసకు ఏడేళ్ల అప్‌డేట్‌లు ఇస్తామంది. ఐప్యాడ్‌లకు ఎక్కువ ఏళ్లు వస్తాయి కానీ వాటికీ ఒక రోజు వస్తుంది. 2010 నాటి మొదటి ఐప్యాడ్ ఐఓఎస్ 5 దగ్గర ఆగింది, 2019లో వచ్చిన ఏడో తరం ఐప్యాడ్‌కు ఐప్యాడ్‌ఓఎస్ 26 రాలేదు. అన్నట్టు, 18 తర్వాత 26 ఏంటని చాలామంది అడుగుతారు. మధ్యలో ఏవీ తప్పిపోలేదు, 2025లో ఆపిల్ లెక్కను ఏడాదితో ముడిపెట్టింది.

మరి ఆ ట్యాబ్‌ను పారేయాలా? అక్కర్లేదు, దాని పని మార్చండి. డబ్బుకు సంబంధించినవన్నీ అందులోంచి తీసేయండి. బ్యాంకు యాప్, యూపీఐ, బ్యాంకుకు కలిపిన జీమెయిల్ ఏదీ ఉండొద్దు. పిల్లల పేరు మీద కొత్త జీమెయిల్ ఒకటి తెరిచి అది పెట్టండి. పీడీఎఫ్‌లు చదవడానికి, పాఠాలు చూడడానికి, అమ్మ భక్తి పాటలు వినడానికి ఇంకో రెండు మూడేళ్లు హాయిగా పనికొస్తుంది. నెమ్మదిగా యాప్‌లే దాన్ని వదిలేస్తాయి. క్రోమ్ 2025లో ఆండ్రాయిడ్ 8, 9లను వదిలేసింది. వాట్సాప్ అదే ఏడాది జనవరి 1 నుంచి కిట్‌క్యాట్‌లో, అంటే ఆండ్రాయిడ్ 4.4లో, ఆగిపోయింది. అప్పుడు పక్కన పెట్టొచ్చు.

చౌరస్తా దగ్గర షాపులో కొత్త ఆండ్రాయిడ్ కొడతామంటున్నారు. కొట్టించుకోవాల్నా?

వద్దని నా మాట. వాళ్లు వేసేది కంపెనీ ఇచ్చింది కాదు, ఎవరో బయటివాళ్లు తయారుచేసిన సిస్టమ్, కస్టమ్ రామ్ (ROM) అంటారు. అది వేయాలంటే బూట్‌లోడర్, అంటే ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే భాగం, దాని తాళం తీయాలి. తీయగానే డేటా అంతా తుడిచిపెట్టుకుపోతుంది, వారంటీ పోతుంది, కొన్ని బ్యాంకు యాప్‌లు 'ఈ పరికరం సురక్షితం కాదు' అని తెరుచుకోవు. తెలిసిన కుర్రాళ్లు సరదాకు తమ ట్యాబ్‌లో తామే వేసుకుంటే అది వేరు, నేనూ వేసుకున్నాను ఒకప్పుడు. డబ్బులిచ్చి ఇంట్లో అందరూ వాడే ట్యాబ్‌లో వేయించుకోవడం మాత్రం అనవసరం.

కొత్తది నచ్చలేదు. పాతదానికి వెనక్కి వెళ్లొచ్చా?

దాదాపుగా వెళ్లలేరు. ఆపిల్ పాత వెర్షన్లకు ఆమోదం ఇవ్వడం కొన్నాళ్లకే ఆపేస్తుంది, ఆ తర్వాత అవి ఎక్కవు. ఆండ్రాయిడ్‌లోనూ వెనక్కి వెళ్లకుండా అడ్డు ఉంటుంది. దొంగలు పాత లొసుగులున్న వెర్షన్‌ను ఎక్కించకుండా పెట్టిన అడ్డు అది. అందుకే పెద్ద అప్‌డేట్‌కు కొన్నాళ్లు ఆగమనేది.

వాట్సాప్‌లో 'ట్యాబ్ అప్‌డేట్' అని ఫైలు వచ్చింది. వేసుకోనా?

వద్దు. ఏ కంపెనీ కూడా వాట్సాప్‌లో సిస్టమ్ అప్‌డేట్ పంపదు. అప్‌డేట్ వచ్చే దారి ఒక్కటే, సెట్టింగ్స్. బ్రౌజర్‌లో 'మీ ట్యాబ్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే అప్‌డేట్ చేయండి' అని ఎర్రగా మెరిసేవీ ఇదే బాపతు, ఆ పేజీ మూసేయండి.

చలాన్ పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, పెళ్లి పత్రిక పేరుతో ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే యాప్‌ను వేసే ఫైళ్లు, మన దగ్గర గ్రూపుల్లో బాగా తిరుగుతున్నాయి. పంపింది మన బావే, మన సారే అయి ఉండొచ్చు. వాళ్ల ఫోన్ ముందే చిక్కితే అదే అందరికీ పంపుతుంది. వేసుకోగానే 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతుంది, ఇస్తే తెర మీద మీరు చూసేవన్నీ అది చూస్తుంది, మీ బదులు నొక్కుతుంది కూడా. బయటి నుంచి వచ్చిన యాప్‌లకు ఆ అనుమతి అంత తేలిగ్గా దొరకకుండా ఆండ్రాయిడ్ 13లో అడ్డు పెట్టారు. అప్‌డేట్ ఎందుకని అడిగేవాళ్లకు ఇది ఇంకో జవాబు.

ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు వైఫై ఆపండి, సిమ్ తీయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

సెకండ్ హ్యాండ్ ట్యాబ్ కొంటున్నాం. ఏం చూడాలి?

డబ్బిచ్చే ముందు అమ్మేవాడి ముందే ఆన్ చేయించండి. పాత జీమెయిల్ సెట్టింగ్స్‌లోంచి తీయించి, అక్కడి నుంచే రీసెట్ చేయించండి. ఖాతా తీయకుండా బటన్లతో ఫార్మాట్ కొడితే, మళ్లీ ఆన్ చేసినప్పుడు పాత ఓనరు పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆండ్రాయిడ్ 5.1 నుంచి దొంగతనాలకు పెట్టిన తాళం అది. ఐప్యాడ్‌కూ ఇలాంటిదే ఉంది. ఆ తర్వాత ప్యాచ్ తేదీ చూడండి. రెండేళ్లు దాటి ఉంటే ధర సగానికి అడగండి, ఇస్తే సరే.

ఆఫీసువాళ్లు, కాలేజీవాళ్లు ఇచ్చిన ట్యాబ్‌లో చేసుకోవచ్చా?

వాళ్లను అడగకుండా చేయకండి. అలాంటి ట్యాబ్‌లలో వాళ్ల నియంత్రణ యాప్ ఉంటుంది, వెర్షన్ మారితే వాళ్ల యాప్‌లు నడవకపోవచ్చు. రీసెట్ అయితే అసలే చేయొద్దు.

ఆటోమేటిక్ పెట్టుకుంటే గొడవ ఉండదు కదా?

ఇంట్లో వైఫై ఉన్నవాళ్లు, అప్‌డేట్ గురించి ఆలోచించడం ఇష్టం లేనివాళ్లు పెట్టుకోవచ్చు. ఐప్యాడ్ అయితే రాత్రి ఛార్జింగ్‌లో, వైఫైలో ఉన్నప్పుడు తనంతట తాను చేసుకుంటుంది. మొబైల్ డేటా మీద నడిచేవాళ్లు మాత్రం 'వైఫైలోనే' అన్నది కచ్చితంగా పెట్టుకోండి. లేకపోతే మధ్యాహ్నానికే 'మీ రోజువారీ డేటా అయిపోయింది' అన్న మెసేజ్ వస్తుంది.

మా బాపుకు ఇవన్నీ చెప్పినా అర్థం కావు. రోజూ 'తర్వాత గుర్తుచేయి' నొక్కుతనే ఉంటడు.

మీరే చేయండి. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు మొదటి రోజే ఆ ట్యాబ్ తీసుకుని, మీ హాట్‌స్పాట్ పెట్టి, రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి పడుకోండి. పొద్దున రీస్టార్ట్ చేసి, కీబోర్డు చూసి, అక్షరాలు పెద్దవి చేసి, ఆయన రోజూ వాడే నాలుగు యాప్‌లను పాత చోటనే పెట్టి చేతికివ్వండి. చివరి రోజు మాత్రం చేయకండి. మీరు కాజీపేటలో రైలెక్కాక "బిడ్డా, ఇందులో ఏదో మారింది" అని ఫోన్ వస్తుంది.